పళ్లకు క్లిప్పులు, చిగుళ్ల నుంచి రక్తం: తీయించేయాలా?

ప్రశ్న: మా అమ్మాయికి 15 ఏళ్లు. ఎత్తుపళ్లని ఆరు నెలల క్రితం క్లిప్పులు వేయించాం. పళ్లు బాగానే సర్దుకుంటున్నాయి. కానీ రెండు నెలలుగా బ్రష్ చేస్తే రక్తం వస్తోంది. కింది ముందుపళ్ల మధ్య చిగురు ఉబ్బి ఎర్రగా ఉంది. బ్రష్ చేసిన గంటకే నోటి వాసన మొదలవుతోంది. రక్తం చూసి భయపడి అటువైపు బ్రష్ పెట్టడమే మానేసింది. దానికి బదులు మౌత్‌వాష్‌తో రోజుకి మూడుసార్లు పుక్కిలిస్తోంది. మొన్న పైపంటి మీద క్లిప్పు పక్కన ఒక తెల్లమచ్చ కూడా కనిపించింది. చదువుకునేటప్పుడు పక్కన జ్యూసో కూల్‌డ్రింకో ఉండాల్సిందే. డాక్టర్‌గారు వెళ్లినప్పుడల్లా వైరు బిగించి, "బాగా బ్రష్ చెయ్యమ్మా" అని పంపించేస్తున్నారు. మా అత్తగారేమో "ఇనుము పెట్టి నోట్లో పురుగుల్ని పెంచుతున్నారు, ఉన్న పళ్లు కూడా పోతాయి, తీయించేయండి" అంటున్నారు. తెలిసినవాళ్లు అలైనర్లకి (తీసి పెట్టుకునే ప్లాస్టిక్ తొడుగులకి) మారిపొమ్మంటున్నారు. నోట్లో బాక్టీరియా గుండెకి వెళ్తుందని చదివినప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్. క్లిప్పులు తీయించేయాలా? యాంటీబయాటిక్ ఏమైనా వాడాలా? (ఒక తల్లి)

జవాబు: తీయించకండి. ఇప్పుడు ఆ అవసరం లేదు. మీరు రాసినదాన్నిబట్టి మీ అమ్మాయికి వచ్చింది చిగుళ్ల వాపు. క్లిప్పులు వేసుకున్న ఈ వయసు పిల్లల్లో చాలామందికి వస్తుంది, సరిగ్గా పట్టించుకుంటే పూర్తిగా తగ్గిపోతుంది. యాంటీబయాటిక్ అక్కర్లేదు. మీ ఉత్తరంలో నన్ను ఆపింది రక్తం కాదు, ఒక్క వాక్యంలో చెప్పి వదిలేసిన ఆ తెల్లమచ్చ. దాని గురించి కాస్త వివరంగా చెప్తాను. ముందు మీ అత్తగారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే అందులో కొంత నిజం ఉంది.

క్లిప్పులతో పాటు కొత్త క్రిములేవీ నోట్లోకి రావు. ఎవరి నోట్లోనైనా బాక్టీరియా ఉంటుంది. మనుషుల నోళ్లలో ఇప్పటివరకు గుర్తించిన రకాలే 700 వరకు ఉన్నాయి. వాటిలో ఎక్కువ భాగం మన జోలికి రావు. కొన్నయితే బయటి నుంచి వచ్చే క్రిములకి చోటు దొరక్కుండా అడ్డుకుని మేలే చేస్తాయి. కాబట్టి నోట్లో ఒక్క క్రిమి కూడా లేకుండా చేయాలని ప్రయత్నించడం అనవసరం, అది జరిగే పనీ కాదు.

క్లిప్పులు వేశాక మారేది వాటికి దొరికే చోటు. బ్రష్ చేసిన కొద్ది నిమిషాలకే లాలాజలంలోని ప్రొటీన్లు పంటి మీద కంటికి కనిపించనంత పలుచటి పొరగా అంటుకుంటాయి. ఆ పొర మీదికి మొదట చేరేవి స్ట్రెప్టోకాకస్ సాంగ్వినిస్, స్ట్రెప్టోకాకస్ మైటిస్ లాంటి రకాలు. ఇవి పెద్దగా గొడవ చేసేవి కావు. మామూలు పంటి మీద అయితే నాలుక, చెంప, పెదవి రాసుకుంటూ, లాలాజలం పారుతూ, బ్రష్ తగులుతూ ఈ పొరని ఎప్పటికప్పుడు చెదరగొడుతుంటాయి. అదే పంటికి ఒక బ్రాకెట్ (వైరుని పట్టి ఉంచే చిన్న బిళ్ల) అతికించి, దాని చుట్టూ రబ్బరు వేసి, మధ్యలోంచి వైరు లాగితే పెదవి పంటిని ఆనుకోదు. లాలాజలం ఆ సందుల్లో సరిగ్గా పారదు. చీపురు అందని మూలలో దుమ్ము చేరినట్టు అక్కడ పాచి చేరుతుంది.

పాచి మందం అయ్యేకొద్దీ అడుగున గాలి అందదు. అక్కడి నుంచి కథ మారుతుంది. ఫ్యూసోబాక్టీరియం అని పొడుగ్గా, సన్నగా ఉండే ఒక బాక్టీరియా ఉంది. అది ముందు వచ్చినవాటినీ పట్టుకుంటుంది, తర్వాత వచ్చేవాటినీ పట్టుకుంటుంది. దాని ఆసరాతో ప్రివోటెల్లా, పోర్ఫిరోమోనాస్ లాంటి గాలి గిట్టని రకాలు వచ్చి కూర్చుంటాయి. చిగుళ్లను రెచ్చగొట్టేవి ఇవే. ప్రొటీన్లను కుళ్లబెట్టి గంధకం వాసన వచ్చే వాయువులు వదిలేవి కూడా ఇవే. బ్రష్ చేసిన గంటకే మీ అమ్మాయి నోరు వాసన వస్తోందంటే చాలావరకు కారణం ఇదే. ఇంకోపక్క, తీపి తరచుగా దొరికే నోట్లో స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్, లాక్టోబాసిల్లస్ అనే రకాలు పెరుగుతాయి. ఇవి చక్కెర తిని ఆమ్లాన్ని వదులుతాయి. మొదటి గుంపు చిగురుని దెబ్బతీస్తే, రెండో గుంపు పంటిని దెబ్బతీస్తుంది. మీ అమ్మాయి నోట్లో రెండూ పనిలో ఉన్నట్టు కనిపిస్తోంది.

క్లిప్పులు వేసిన మొదటి కొన్ని నెలల్లో ఈ రకాలు పెరగడం చాలా అధ్యయనాల్లో కనిపించింది. శుభ్రంగా ఉంచుకునేవాళ్లలో ఆ పెరుగుదల తర్వాత తగ్గుముఖం పడుతుంది. క్లిప్పులు తీసేసిన కొన్ని నెలలకి చాలామందిలో నోరు మళ్లీ దాదాపు మునుపటిలా అవుతుంది. అంటే మీ అత్తగారి భయానికి కారణం ఉంది గానీ, తప్పు ఇనుముది కాదు, దాని చాటున చేరినదాన్ని రోజూ కదిలించకపోవడానిది. ఆవిడకి ఇంకో మాట కూడా చెప్పండి. పూర్వం క్లిప్పులంటే ప్రతి పంటికీ చుట్టూ లోహపు పట్టీ బిగించేవారు, దాని అంచు చిగురు దాకా వెళ్లేది. 1955లో మైకేల్ బ్యూనకోర్ అనే దంతవైద్యుడు, ఎనామిల్‌ని, అంటే పంటి గట్టి పైపొరని, ఆమ్లంతో కాస్త గరుకుగా చేస్తే దాని మీద రెజిన్ (జిగురులా వాడే ఒక రకం ప్లాస్టిక్) గట్టిగా అంటుకుంటుందని చూపించాడు. బ్రాకెట్‌ని పంటికి నేరుగా అతికించడం అలా వీలైంది. ఇప్పుడు చుట్టూ పట్టీ వేసేది చాలావరకు వెనక దవడపళ్లకే. మీ అమ్మాయికి అలాంటివి ఉంటే ఆ పళ్ల దగ్గర చిగురు కూడా ఒకసారి చూడండి, ముందుపళ్ల కంటే అక్కడ వాపు ఎక్కువగా వస్తుంది.

ఇక రక్తం. 1965లో డెన్మార్క్‌లో హరాల్డ్ లో అనే పరిశోధకుడు తన సహచరులతో కలిసి ఒక ప్రయోగం చేశాడు. ఆరోగ్యంగా ఉన్న 12 మందిని పళ్లు తోముకోవడం పూర్తిగా మానేయమన్నారు. 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు వాచాయి. మళ్లీ తోముకోవడం మొదలుపెట్టించారు. ఇంచుమించు వారంలో చిగుళ్లు మామూలు స్థితికి వచ్చేశాయి. చిగుళ్ల వాపుకి మూలం పాచేననీ, అది పోతే వాపు పోతుందనీ అంత స్పష్టంగా తేల్చింది ఆ ప్రయోగమే. వాళ్లకి క్లిప్పులు లేవు కాబట్టి మీ అమ్మాయికి వారం సరిపోకపోవచ్చు, రెండు మూడు వారాలు పట్టొచ్చు. పైగా ఈ వయసులో హార్మోన్ల వల్ల కొంచెం పాచికే చిగుళ్లు ఎక్కువగా ఉబ్బుతాయి. కానీ దారి అదే.

కాబట్టి రక్తం వస్తోందని బ్రష్ ఆపడం, మంట ఉన్నచోట మరింత ఆజ్యం పోయడమే. రక్తం వచ్చేచోటే బ్రష్ ఎక్కువ అవసరం. మెత్తటి బ్రష్‌తో, నెమ్మదిగా, కానీ వదలకుండా. మొదటి మూడు నాలుగు రోజులు రక్తం ఇంకాస్త ఎక్కువగా కనిపించొచ్చు. బెదిరిపోయి ఆపకండి. అక్కడి నుంచి తగ్గుతూ వస్తుంది. రెండు మూడు వారాలు సరిగ్గా చేశాక కూడా తగ్గలేదంటే అప్పుడు వేరే కారణం వెతకాలి, బహుశా పాచి గట్టిపడి గార కట్టి ఉంటుంది. గట్టిపడిన గార ఏ బ్రష్‌కీ రాదు. కింది ముందుపళ్ల లోపలివైపు ఇది త్వరగా కడుతుంది, ఎందుకంటే నాలుక కింద ఉండే లాలాజల గ్రంథుల నాళాలు అక్కడే తెరుచుకుంటాయి, ఆ లాలాజలంలోని ఖనిజాలు పాచిలో చేరి దాన్ని గట్టిపరుస్తాయి. మీరు వాపు ఉందన్నది కూడా ఆ పళ్ల దగ్గరే. క్లిప్పులు ఉండగానే స్కేలింగ్, అంటే డాక్టర్ చేత ఆ గార తీయించడం, చేయించుకోవచ్చు. స్కేలింగ్ చేస్తే పళ్లు వదులవుతాయన్న భయం వద్దు. క్లిప్పుల వైద్యంలో పళ్లు కాస్త కదలడం మామూలే, దానికి స్కేలింగ్‌ని తప్పుపట్టకండి.

ఇప్పుడు ఆ తెల్లమచ్చ దగ్గరికి వద్దాం. రక్తం అందరికీ కనిపిస్తుంది, అందుకే అందరూ భయపడతారు, కానీ అది తగ్గేది. మచ్చకి నొప్పి ఉండదు, రక్తం రాదు, వాసన రాదు, అందుకే ఎవరూ పట్టించుకోరు. క్లిప్పులు తీశాక మిగిలిపోయేది మాత్రం అదే. రెండేళ్లు ఓపిక పట్టి పళ్లు వరసలోకి తెచ్చుకున్న పిల్ల, బ్రాకెట్లు ఊడదీసిన రోజు అద్దంలో చూసుకుంటే, ప్రతి పంటి మీదా బ్రాకెట్ ఉన్న మేర మామూలు రంగు, దాని చుట్టూ సుద్దలాంటి తెల్లటి అంచు కనిపిస్తే ఎంత బాధగా ఉంటుందో ఊహించండి. మీ అమ్మాయికి ఆ పరిస్థితి రాకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

ఆ మచ్చ ఎలా వస్తుందంటే, పాచిలోని బాక్టీరియా వదిలే ఆమ్లం వల్ల పంటి మీద పీహెచ్ (ఆమ్లం ఎంత ఉందో చెప్పే కొలత, ఆమ్లం పెరిగేకొద్దీ ఇది తగ్గుతుంది) సుమారు 5.5 కంటే తగ్గినప్పుడు ఎనామిల్‌లోంచి కాల్షియం, ఫాస్ఫేట్ కరిగి బయటికి పోతాయి. పైపొర దాదాపు అలాగే ఉంటుంది, దాని కింద కంటికి కనిపించని సన్నటి రంధ్రాలు పడతాయి. వెలుగు వాటిలో చెదిరిపోయి ఆ చోటు తెల్లగా కనిపిస్తుంది. పుచ్చుకి ఇది మొదటి మెట్టు. శుభ్రం లేకపోతే బ్రాకెట్ అతికించిన నాలుగు వారాల్లోనే ఇది మొదలు కావచ్చు. మీ అమ్మాయికి ఆరు నెలలయింది.

ఒక పని చేయండి. మంచి వెలుగున్నచోట అమ్మాయిని కూర్చోబెట్టి, పైపెదవి ఎత్తిపట్టుకుని, పళ్లను శుభ్రమైన టిష్యూతో తుడిచి అర నిమిషం ఆరనివ్వండి. అప్పుడు బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య ఉన్న భాగం చూడండి. పన్ను తడిగా ఉన్నప్పుడు కనిపించకుండా, ఆరాక మాత్రమే తేలే మచ్చ తొలిదశది. తడిగా ఉన్నా కనిపిస్తుంటే కాస్త ముదిరినట్టు. మచ్చ మెరుపు లేకుండా, సుద్ద రాసినట్టు మసకగా ఉంటే అక్కడ ఇంకా కరుగుతోందని అనుమానించాలి. నున్నగా మెరుస్తుంటే ఆగిపోయి ఉండొచ్చు. పిన్నుతోనో గోటితోనో గీకి చూడొద్దు, ఆ పలుచటి పైపొర విరిగితే గుంట పడుతుంది. ఇంకో సంగతి, పుట్టుకతోనో, పన్ను తయారయ్యే వయసులోనో వచ్చిన తెల్లమచ్చలు కూడా కొందరికి ఉంటాయి. క్లిప్పులు వేయకముందు తీసిన ఫొటోలు డాక్టర్ దగ్గర ఉంటాయి, అడిగి పోల్చి చూసుకోండి. పాతదే అయితే సగం దిగులు తీరుతుంది.

కొత్తదే అయితే మొదట ఆపాల్సింది పక్కన పెట్టుకునే ఆ బాటిల్. 1940ల్లో అమెరికాలో రాబర్ట్ స్టెఫాన్ అనే పరిశోధకుడు చక్కెర నీళ్లతో పుక్కిలించినవాళ్ల పాచిలో పీహెచ్ కొలిచాడు. కొద్ది నిమిషాల్లోనే అది పడిపోయింది, మళ్లీ కోలుకోవడానికి అరగంట నుంచి గంట దాకా పట్టింది. ఆ కోలుకునే సమయంలోనే లాలాజలం కాల్షియాన్ని పంటికి తిరిగి అందిస్తుంది. గ్లాసు జ్యూస్ ఒకేసారి తాగేస్తే పన్ను ఒక్కసారే దెబ్బ తింటుంది. అదే గ్లాసుని రెండు గంటలు గుక్కగుక్కగా తాగితే ఆ రెండు గంటలూ పన్ను కరుగుతూనే ఉంటుంది. ఎంత తీపి తిన్నదన్నదానికంటే ఎన్నిసార్లు తిన్నదన్నదే ఇక్కడ ముఖ్యం. మానేయమని పోట్లాడకండి, ఈ వయసులో అది పనిచేయదు. భోజనంతో పాటు తాగమనండి, మిగతా టైమంతా పక్కన మంచినీళ్లే ఉండాలి. పంటికి అతుక్కునే తీపి పదార్థాలు మాత్రం క్లిప్పులు ఉన్నంతకాలం వద్దు, బ్రాకెట్ సందుల్లో ఇరుక్కుని గంటలకొద్దీ ఉండిపోతాయి.

ఇక్కడి నుంచి కొంత భాగం మీ అమ్మాయికి ఇచ్చి చదివించండి.

అమ్మా, ముందు నీకు ఒక మాట. నోటి వాసన వస్తోందని నువ్వు సిగ్గుపడుతూ ఉంటావు. ఇది నీ అశుభ్రత కాదు. క్లిప్పులు లేనివాళ్లు రెండు నిమిషాల్లో చేసే పనికి నీకు ఏడెనిమిది నిమిషాలు పడుతుంది, ఆ సంగతి నీకు ఎవరూ చెప్పి ఉండరు, అంతే.

అద్దం ముందు నిలబడి మామూలుగా బ్రష్ చేస్తూ జాగ్రత్తగా గమనించు. బ్రష్ కుచ్చులు బ్రాకెట్ల మీదికి ఎక్కి, వాటి మీదే అటూఇటూ జారుతుంటాయి. బ్రాకెట్లు తళతళలాడతాయి. బ్రాకెట్‌కీ చిగురుకీ మధ్య రెండు మూడు మిల్లీమీటర్ల సన్నటి పట్టీలా పన్ను ఉంటుందే, అక్కడికి కుచ్చులు చేరనే చేరవు. నీ చిగురు వాచింది, ఆ తెల్లమచ్చ వచ్చింది ఆ పట్టీ దగ్గరే. నువ్వు గెలవాల్సిన చోటు అదొక్కటే.

అందుకే బ్రష్‌ని నిటారుగా పెట్టకు. కుచ్చులు చిగురు అంచుని తాకేలా 45 డిగ్రీలు వంచు. అక్కడే చిన్నచిన్నగా, గుండ్రంగా కదుపు, ఒక్కోచోట పది లెక్కపెట్టేదాకా ఉండి పక్క పంటికి వెళ్లు. ఆ వరస అయ్యాక బ్రష్‌ని ఎదురువైపు వంచి బ్రాకెట్ రెండో పక్క చెయ్యి, అంటే పైపళ్లకైతే కింద నుంచి, కిందిపళ్లకైతే పైనుంచి. ఆఖర్న బ్రాకెట్ల మీద, నమిలే భాగం, లోపలివైపు. లోపలివైపు క్లిప్పులు లేవు కదా అని వదిలేయకు. తర్వాత, పళ్ల సందుల కోసం అమ్మే సన్నటి చిన్న బ్రష్ తీసుకుని వైరు కింద నుంచి దూర్చి, ఒక బ్రాకెట్‌కీ ఇంకో బ్రాకెట్‌కీ మధ్య పైకీ కిందకీ ఆడించు. ఇది మాత్రం మానకు, మామూలు బ్రష్ వైరు కిందికి ఎంతకీ వెళ్లదు. పళ్ల మధ్య దారం పోనివ్వడానికి వైరు అడ్డం వస్తుంది కాబట్టి దారాన్ని దూర్చే ప్లాస్టిక్ సూదిలాంటిది దొరుకుతుంది, రాత్రిపూట అది వాడు. నీళ్లు చిమ్మే ఫ్లాసర్ ఉంటే మంచిదే, ఇరుక్కున్న తిండి పోతుంది, కానీ పాచి దానితో పూర్తిగా రాదు. బ్రష్ తర్వాత అదనంగా వాడుకోవాలి తప్ప బ్రష్‌కి బదులుగా కాదు.

రాత్రి చేసేదే అసలైన బ్రష్. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది, పంటికి కాపలా ఉండదు. పొద్దున హడావిడిలో కాస్త అటూఇటూ అయినా రాత్రి మాత్రం పూర్తిగా చెయ్యి. ఆ తర్వాత మంచినీళ్లు తప్ప ఏమీ వద్దు. పేస్టు 1000 నుంచి 1500 పీపీఎం ఫ్లోరైడ్ ఉన్నది తీసుకో, ట్యూబు మీద రాసి ఉంటుంది. అయిపోయాక నురగ ఉమ్మేయ్, నీళ్లు పోసి కడిగేయకు. కొంచెం ఫ్లోరైడ్ పంటి మీద మిగిలితేనే అది కరిగిన చోట్లని గట్టిపరుస్తుంది. మొదట్లో నోరు అదోలా అనిపిస్తుంది, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది. కూల్‌డ్రింక్ లాంటి పుల్లటిది ఏదైనా తాగిన వెంటనే బ్రష్ చేయకు. తాగిన వెంటనే ఎనామిల్ మెత్తబడి ఉంటుంది, అందుకే నీళ్లతో పుక్కిలించి అరగంట ఆగు. నాలుక కూడా గీసుకో, నోటి వాసనలో దాని వాటా ఎక్కువే.

వైరు బిగించిన తర్వాత రెండు మూడు రోజులు ముట్టుకుంటేనే జివ్వుమంటుంది కదా. చాలామంది బ్రష్ మానేసేది ఆ రోజుల్లోనే, మళ్లీ పాచి చేరేదీ అప్పుడే. ఆ రోజులకి అతి మెత్తటి బ్రష్ ఒకటి వేరుగా పెట్టుకో. గోరువెచ్చటి ఉప్పునీళ్లు పుక్కిలిస్తే హాయిగా ఉంటుంది. వైరు కొస చెంపకి గుచ్చుకుంటే డాక్టర్ దగ్గర మైనం తీసుకుని దానిమీద అద్దు. క్లిప్పులకి తగిలి కుచ్చులు త్వరగా వంగిపోతాయి కాబట్టి బ్రష్ మూడు నెలలు కాకముందే మార్చు.

నువ్వు బాగా చేశావో లేదో అమ్మ చెప్పక్కర్లేదు. పాచికి రంగు పట్టించే బిళ్లలు దొరుకుతాయి. బ్రష్ చేశాక ఒకటి నమిలి, ఉమ్మి, అద్దంలో చూసుకో. మిగిలిన పాచి గులాబీ రంగులోనో ఊదారంగులోనో కనిపిస్తుంది. మొదటిసారి చూసినప్పుడు ప్రతి బ్రాకెట్ పైనా కనుబొమ్మ గీసినట్టు రంగు ఉంటే నీరసపడకు, దాదాపు అందరికీ అలాగే ఉంటుంది. ఫోన్‌లో ఫొటో తీసుకుని, ఆ రంగు పోయేదాకా మళ్లీ తోము. వారానికొకసారి ఇలా చేస్తే చాలు.

మళ్లీ అమ్మగారికి. మౌత్‌వాష్ గురించి. 1683లో, డెల్ఫ్ట్ పట్టణంలో బట్టల వ్యాపారం చేసుకునే ఆంటోనీ వాన్ లీవెన్‌హుక్ తన పళ్ల సందుల్లోంచి తెల్లటి పాచి గీకి, తానే తయారుచేసుకున్న సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశాడు. కదులుతున్న చిన్నచిన్న జీవులు కనిపించాయి. నోటి బాక్టీరియాని వర్ణించిన మొదటి మనిషి ఆయనే. ఆయన ఇంకో పని కూడా చేశాడు. ఘాటైన వెనిగర్‌తో నోరు కడుక్కుని మళ్లీ చూశాడు. జీవులు అలాగే ఉన్నాయి. అదే వెనిగర్‌ని బయటికి తీసిన పాచిలో నేరుగా కలిపితే మాత్రం చచ్చిపోయాయి. వెనిగర్ పాచి పైన ఉన్నవాటినే చంపింది, లోపలికి ఇంకలేదు అని లండన్‌లోని రాయల్ సొసైటీకి రాసిన లేఖలో చెప్పాడు. మూడు వందల నలభై ఏళ్ల తర్వాత కూడా ఆ మాటే నిజం. పాచిలో బాక్టీరియా తాము తయారుచేసుకున్న జిగురులో కలిసికట్టుగా ఉంటుంది. పైనుంచి పోసిన ద్రవం అడుగుదాకా పోదు. బ్రష్‌తో ముందు చెదరగొట్టాలి. మీ అమ్మాయి బ్రష్ తగ్గించి మౌత్‌వాష్ పెంచింది, కావాల్సింది దానికి తలకిందులు.

సీసా మీద క్లోర్‌హెక్సిడిన్ అని ఉంటే రోజుకి మూడుసార్లు వాడటం వెంటనే ఆపించండి. అది క్రిముల్ని చంపే మంచి మందే, కానీ డాక్టర్ చెప్పినప్పుడు, సాధారణంగా రెండు వారాలకి మించకుండా వాడేది. ఎక్కువ రోజులు వాడితే పళ్లమీద, బ్రాకెట్ల చుట్టూ గోధుమరంగు మరకలు పడతాయి, నాలుకకి రుచి మారిపోతుంది, గార కూడా ఎక్కువ కడుతుంది. పేస్టుతో బ్రష్ చేసిన వెంటనే పుక్కిలిస్తే పేస్టులోని నురగ పదార్థం వల్ల దాని శక్తి తగ్గుతుంది, కనీసం అరగంట తేడా ఉండాలి. మౌత్‌వాష్ వాడాలనే ఉంటే 0.05 శాతం సోడియం ఫ్లోరైడ్ ఉన్నది, రోజుకొకసారి, బ్రష్ చేయని వేళలో, మధ్యాహ్నం బడి నుంచి వచ్చాక అనుకోండి, పుక్కిలించమనండి. తెల్లమచ్చలు పెరగకుండా అది నిజంగా సాయపడుతుంది.

యాంటీబయాటిక్ సంగతి కూడా ఇలాంటిదే. మాత్ర వేసినన్నాళ్లు కాస్త తగ్గినట్టుంటుంది, పాచి అక్కడే ఉంటుంది కాబట్టి మళ్లీ వస్తుంది, ఈలోపు మందుకి లొంగని బాక్టీరియా మిగులుతుంది. చీము పట్టి జ్వరం వస్తే, ముఖం వాస్తే అది వేరే విషయం. అప్పుడు ఆలస్యం చేయకుండా డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

అలైనర్లలో ఒక సుఖం ఉంది, తీసి పక్కనపెట్టి మామూలుగా తోముకోవచ్చు. అందుకే సగటున చిగుళ్లు మెరుగ్గా ఉంటాయి. కానీ రోజుకి 20 నుంచి 22 గంటలు పెట్టుకోవాలి, తిన్న ప్రతిసారీ తోముకుని పెట్టుకోవాలి. అవి పెట్టుకునే తీపి పానీయం తాగితే ఆ ద్రవం పంటికీ ప్లాస్టిక్‌కీ మధ్య నిలిచిపోతుంది, లాలాజలం వచ్చి కడిగే దారి కూడా ఉండదు. బాటిల్ పక్కన పెట్టుకునే అలవాటు పోకుండా అలైనర్లకి మారితే మచ్చలు ఇంకా పెరగొచ్చు. పైగా పళ్లని జరిపే అన్ని కేసులకీ అవి సరిపోవు. సగం జరిగిన వైద్యాన్ని మధ్యలో మార్చడానికి చిగుళ్ల వాపు ఒక్కటే కారణం కాకూడదని నా అభిప్రాయం.

గుండె గురించి మీరు చదివింది పూర్తిగా అబద్ధం కాదు. వాచిన చిగురు నుంచి తోముకున్నప్పుడో నమిలినప్పుడో కొంత బాక్టీరియా రక్తంలోకి వెళ్తుంది. ఆరోగ్యవంతుల్లో శరీరం దాన్ని నిమిషాల్లోనే శుభ్రం చేసేస్తుంది. మీ అమ్మాయికి గుండె జబ్బేమీ లేకపోతే ఈ దిగులు పెట్టుకోకండి, హాయిగా నిద్రపోండి. కృత్రిమ గుండె కవాటం ఉన్నవాళ్లు, గతంలో గుండె లోపలి పొరకి ఇన్‌ఫెక్షన్ వచ్చినవాళ్లు, పుట్టుకతో వచ్చిన కొన్ని రకాల గుండె లోపాలు ఉన్నవాళ్లు మాత్రం క్లిప్పులు వేసే డాక్టర్‌కీ గుండె డాక్టర్‌కీ ఇద్దరికీ ముందే చెప్పాలి. చిన్నప్పుడు గుండె ఆపరేషన్ లాంటిదేమైనా జరిగి ఉంటే చెప్పడం మర్చిపోవద్దు. షుగర్ ఉన్నవాళ్లు కూడా చెప్పాలి, వాళ్లలో చిగుళ్ల వాపు త్వరగా ముదురుతుంది.

ఈసారి వైరు బిగించడానికి వెళ్లినప్పుడు వట్టి చేతులతో రాకండి. తెల్లమచ్చ చూపించి, "ఇది పాతదా, కొత్తదా? ఫ్లోరైడ్ వార్నిష్ రాస్తారా?" అని అడగండి. వార్నిష్ రాయడానికి ఐదు నిమిషాలు కూడా పట్టదు, కొన్ని నెలలకొకసారి రాయించుకోవచ్చు. స్కేలింగ్ అవసరమేమో చూడమనండి. బ్రాకెట్ చుట్టూ అతికించిన జిగురు ఎక్కువై అంచులు గరుకుగా ఉన్నాయేమో కూడా చూడమనండి, ఆ గరుకు మీద పాచి త్వరగా పడుతుంది, నున్నగా చేయడం చిన్నపని. అమ్మాయి బ్రష్ చేసే తీరుని ఆయన ముందే ఒకసారి చేయించి దిద్దమని అడగండి. "బాగా బ్రష్ చెయ్యి" అంటే ఏ పిల్లకీ ఏమీ అర్థం కాదు. అడగడానికి మొహమాటపడకండి, ఇదంతా ఆ వైద్యంలో భాగమే.

తీయించే ఆలోచన ఎప్పుడు రావాలంటే, రెండు మూడు నెలలు మనస్ఫూర్తిగా ప్రయత్నించాక కూడా కొత్త పళ్ల మీద మచ్చలు వస్తూ ఉంటే, గుంటలు పడుతుంటే, చిగురు బ్రాకెట్‌ని కప్పేసేంత పెరిగితే. అప్పుడు కూడా ముందు వైరు కొన్ని వారాలు తీసిపెట్టి చిగుళ్లని కోలుకోనివ్వమని అడగొచ్చు. దానికీ లొంగకపోతే క్లిప్పులు తీసేయడమే మంచిది. కాస్త వంకరగా ఉన్నా ఆరోగ్యమైన పళ్లు, వరసగా ఉండి పుచ్చిన పళ్ల కంటే ఎంతో మేలు. మంచి ఆర్థోడాంటిస్ట్ (క్లిప్పుల డాక్టర్) ఆ మాట తనే చెప్తాడు.

మచ్చ విషయంలో ఆఖరుగా ఒకటి. క్లిప్పులు తీసేశాక మొదటి కొన్ని నెలల్లో లాలాజలం, మామూలు ఫ్లోరైడ్ పేస్టు వల్లే అది కొంత చిన్నదవుతుంది, పలచబడుతుంది. ఆ కొన్ని నెలలు ఆగి, అప్పటికీ ముందుపళ్ల మీద కొట్టొచ్చినట్టు కనిపిస్తే, ఆ సన్నటి రంధ్రాల్లోకి రెజిన్ ఇంకించి రంగు కలిపే చికిత్స ఉంది, డ్రిల్లింగ్ అక్కర్లేదు. ఇప్పుడే ఆ ఖర్చుల గురించి ఆలోచించకండి. ఈ రాత్రికి పళ్ల సందుల్లో దూర్చే ఆ చిన్న బ్రష్‌లు, రంగు బిళ్లలు తెప్పించండి. మూడు వారాల తర్వాత చిగుళ్లు ఎలా ఉన్నాయో మళ్లీ రాయండి.